విశ్రాంతి విక్రయము

మన యిండ్లలో నొక క్రొత్త యాత్ర ప్రబలినది. క్రొత్తగా పెండ్లియైన జంటలును, ఉద్యోగమున పై మెట్టెక్కిన గృహస్థులును, ఇరువదియేండ్ల కాపురము నిండినవారును ఇప్పుడు మాలదీవులకు పోవుచున్నారు. పూర్వము కాశికి పోయివచ్చినవారు గంగాజలమును తెచ్చి యిరుగుపొరుగులకు పంచిపెట్టెడివారు. ఇప్పటి యాత్రికులు ఛాయాచిత్రములను పంచుచున్నారు. ఆ చిత్రములన్నియు నొక్క తీరుననే యుండును: నీలమైన నీరు, తెల్లని యిసుక, నీటిమీద స్తంభములపై నిలిచిన కుటీరము, ఊయలలో నొరిగియున్న మనుష్యుడు. ఆ మనుష్యుడు తప్ప మఱియొకడు చిత్రములో కనబడడు. ఆ ఊయలను కట్టినవాడు, ఆ యిసుకను ఊడ్చినవాడు, ఆ భోజనమును వండినవాడు ఎక్కడ నున్నారను ప్రశ్నయే యీ వ్యాసమునకు కారణము.

మా పక్షమును ముందుగనే చెప్పుకొందుము. సుఖమును చూచి కనుబొమలు ముడుచు వారిలో మేము చేరము. సముద్రయానము దోషమను మాటను మన తాతలే త్రోసివేసిరి. దానిని మరల పైకెత్తుట మా యుద్దేశము కాదు. ఒడలలసినవానికి విశ్రాంతి కావలెను. మనసలసినవానికి మఱింత కావలెను. ఆలుమగలు నాలుగు దినములు బంధువుల కలకలము లేని చోట కూర్చుండి మాటలాడుకొనుట యెంతయు మంచిది. అట్టి యవకాశము చిక్కకయే మన పెద్ద కుటుంబములలో నెన్ని దాంపత్యములు ఎండిపోయినవో మేమెఱుగుదుము. విశ్రాంతితో మాకు తగవు లేదు. దానిని అమ్ముచున్న విధముతోను, మనము కొనుచున్న విధముతోను మాకు తగవు కలదు.

చూడకయే నిందించుచున్నారను మాట మాకు తగులదు. కిందటి యేడు, మా వివాహమై ఇరువదియేండ్లు నిండిన సందర్భమున, హైదరాబాదున కంప్యూటరు సంస్థలో పనిచేయు మా తమ్ముడు మమ్మును మా గృహిణిని ఆ దీవులలో నొకదానికి నాలుగు రాత్రుల బసకు పంపెను. వలదన్నను వినడయ్యెను. ఆ నాలుగు రాత్రులకైన వ్యయము బడిపంతులము మేము నాలుగు నెలలు పాఠములు చెప్పిన గాని రాదు. చూచినదానిని చూచినట్లు చెప్పవలెను గనుక, ఆ దీవి సౌందర్యమును తక్కువచేసి చెప్పము. నీటిలో మోకాలిబంటి లోతున నిలిచిన కాలిగోళ్లు లెక్కపెట్టవచ్చును. రాత్రివేళ అలల చప్పుడు తప్ప వేఱొక చప్పుడు లేదు. బడిగంటకు, ప్రొద్దుటి బస్సు కూతకు అలవడిన మా చెవులకు ఆ నిశ్శబ్దము మొదటిదినమున అమృతప్రాయముగ నుండెను.

రెండవనాడు తెల్లవాఱుజామున, అలవాటు చొప్పున మెలకువ వచ్చి, మేము తీరమునకు పోయితిమి. ఇంకను చీకటి విడలేదు. ఒక యువకుడు పండ్లు గల పొడవైన కఱ్ఱతో ఇసుకను దువ్వుచు వెనుకకు నడచుచుండెను. ముందటి దినమున అతిథులు త్రొక్కిన యడుగుజాడలను చెఱుపుచు, వానితోపాటు తన యడుగుజాడలను గూడ చెఱుపుకొనుచు పోవుచుండెను. ఎందులకని హిందీలో నడిగితిమి. అతిథులు లేచి వచ్చునప్పటికి తమకు ముందు ఆ యిసుకపై నెవ్వరును నడవనట్లు కనబడవలెనని ఆజ్ఞ కలదని అతడు చెప్పెను. అతనిది బంగ్లాదేశమున నదీముఖమునందలి యొక పల్లె. ఇల్లు చూచి రెండేండ్లయినది. పనివారి బసలు దీవి నడుమ, దట్టముగ పెంచిన చెట్లవెనుక, అతిథుల కన్నుపడని చోట నున్నవి. గదికి ఆఱుగురు. సముద్రస్నానము చేయుదువా యని యడుగగా, సెలవునాడు పడవలు కట్టు వైపున చేయుదుమని నవ్వుచు చెప్పి, “తమరు ఈ ప్రక్కనుండి నడువుడు, ఆ ప్రక్క దువ్వితిని” అనెను.

అప్పటినుండి ఆ నిశ్శబ్దము మాకు వేఱుగ వినబడసాగెను. అది దీవికి ప్రకృతి యిచ్చిన గుణమని మేము తలచియుంటిమి. అది చాలమంది చేయగా నేర్పడిన వస్తువని తెలిసికొంటిమి.

ఆ దేశపు సంగతులు కొన్ని చదువరులు తెలిసికొనవలెను. మాలదీవులలో ఇంచుమించు 1,200 పగడపు దీవులు కలవు. జనులు కాపురముండునవి 200 లోపే. నేలయంతయు కలిపిన 300 చదరపు కిలోమీటర్లు. హైదరాబాదు నగరములో సగము గూడ కాదు. పగడపు దిబ్బల వలయమునకు ప్రపంచమంతయు వాడుచున్న ‘అటోల్’ అను మాట వారి దివేహి భాషనుండియే ఇంగ్లీషులోనికి పోయినది. ప్రాచీనకాలమునుండి చేపలుపట్టి బ్రదికిన ప్రజ వారు. 1972 లో రాజధానియైన మాలేకు సమీపమున మొదటి రిసార్టు వెలసెను. అటుపిమ్మట ఆ ప్రభుత్వము జనావాసము లేని దీవులను గుత్తకిచ్చి, ఒక దీవికి ఒక రిసార్టు అను పద్ధతిని నడిపినది. అది మహమ్మదీయ దేశము. మద్యము అచ్చటి ప్రజలకు నిషిద్ధము. రిసార్టులలో విదేశీయులకు మాత్రము దొరకును. వచ్చినవారిని ఊరివారితో కలియనీయక వేఱుంచుటయే చాలకాలము రాజనీతియై యుండెను. 2009 తరువాతనే ఊళ్లున్న దీవులలో గెస్టుహౌసులకు అనుమతి దొరకినది.

ఈ వేఱుపాటునకు వారి కారణములు వారికి కలవు. తమ ఆచారములను కాపాడుకొను హక్కు వారిది. కాని మనము కొనుచున్నదేమో గుర్తింపవలెను. మాలే ద్వీపమున రెండు చదరపు కిలోమీటర్ల ప్రాంతములో లక్షకు మించిన జనము క్రిక్కిఱిసి యున్నారు. పడవలో కొంతదూరము పోయిన చోట, ఒక దీవియంతయు నూఱు జంటల కొఱకు ఖాళీగ నుంచబడినది. ‘నిర్జనము’ అను మాటను మనము అడవులకు, గుహలకు వాడెడివారము. ఇచ్చట నిర్జనత్వము దినమునకింత యని వెలకట్టబడినది. అదియును నిజమైన నిర్జనత్వము కాదు. అతిథికంటె పనివారే యెక్కువమంది యుండు దీవిలో, పనివాడు కనబడకుండుటకే నిర్జనమని పేరు.

ఆ సుఖమును నిలుపుటకు కావలసిన సామగ్రిని చూడుడు. బియ్యము, కూరలు, పండ్లు, మాంసము మొదలైనవన్నియు ఓడలమీదను విమానములమీదను పరదేశములనుండి రావలెను. త్రాగు నీరు సముద్రపు టుప్పునీటిని యంత్రములతో మార్చగా వచ్చును. ఆ యంత్రములకును, గదులను చల్లబఱచు యంత్రములకును డీజిలు కాల్చవలెను. 2014 డిసెంబరులో మాలేలోని నీటియంత్రాగారమున నగ్నిప్రమాదము కలిగి నగరమంతయు త్రాగునీటికి అల్లాడినపుడు మన దేశము విమానములలోను ఓడలలోను నీరు పంపవలసివచ్చెను. చెత్తయో, మాలేకు పడమట తిలఫుషి యను చోట 1992 నుండి సముద్రపు మడుగులో పోయగా పోయగా అదియే యొక దీవియై కూర్చున్నది. విహారపు దీవుల ఛాయాచిత్రములు వేలకొలది మన యిండ్లకు వచ్చినవి. ఈ చెత్తదీవి చిత్రమును తెచ్చినవానిని మేమింకను చూడలేదు.

ఆ దేశమున కిక యొక భయము కలదు. అచ్చటి నేల చాలవఱకు సముద్రమునకు రెండు మీటర్ల యెత్తైనను లేదు. 2009 అక్టోబరులో నాటి అధ్యక్షుడు మహమ్మద్ నషీద్ తన మంత్రులతో సముద్రగర్భమున మంత్రివర్గసమావేశము జరిపి, నీరు పెరిగిన తమ దేశమే యుండదని లోకమునకు చాటెను. 1998 లోను, 2016 లోను సముద్రము వేడెక్కి పగడపు దిబ్బలు తెల్లబాఱెను. విమానమెక్కి, డీజిలు కాల్చి, ఆ పగడములను చూడవచ్చిన మేమును ఆ వేడికి కొంత కారకులమే. ఈ మాటను వ్రాయకుండుట సులభము, వ్రాసిననే న్యాయము.

ఇక పనివారి సంగతి. 2022 లెక్కల ప్రకారము ఆ దేశపు జనము 5 లక్షల 15 వేలు. అందులో 1 లక్ష 32 వేలమంది విదేశీయులు. బంగ్లాదేశమునుండి, మన దేశమునుండి, సింహళమునుండి, నేపాళమునుండి పొట్టకొఱకు వచ్చినవారు వీరిలో పెక్కురు. ఆ దేశపు స్త్రీలు మాత్రము రిసార్టు పనులలో బహుస్వల్పముగ కనబడుదురు. రిసార్టు ఊరికి దూరమున వేఱొక దీవి గనుక అచ్చట పనిచేయువారు వారములకొలది ఇల్లువిడిచి యుండవలెను. బిడ్డలను, వృద్ధులను విడిచి అట్లుండుటకు స్త్రీకి వీలుపడదు. వీలుపడినను పెద్దలు సమ్మతింపరు. ఈ విధముగ దేశమునకు ప్రధానమైన జీవనోపాధి నుండి ఆ దేశపు స్త్రీ తొలగియున్నది.

ఇచ్చట మాకు ముగ్గురు ప్రతివాదులు ఎదురగుదురు.

మొదటివాడు అర్థశాస్త్రజ్ఞుడు. “మీరు పోకున్న వారు బ్రదుకుటెట్లు? ఆ దేశమున కన్నము పెట్టుచున్నది మీరు నిందించు రిసార్టులే గదా” అనును. అతని మాటలో నిజము కలదు. మిక్కిలి వెనుకబడిన దేశముల పట్టికనుండి మాలదీవులు 2011 లో బయటపడినది. అందులకు యాత్రికుల ధనము ముఖ్యకారణము. 2024 లో ఇరువది లక్షలకు మించిన యాత్రికులు అచ్చటికి పోయిరి. రిసార్టులను మూయుమని మేమనుట లేదు. ఇసుక దువ్వు బాలుని కూలి పోగొట్టుట మాకు సమ్మతము కాదు. కాని కూలి యిచ్చుచున్నాము గనుక వానిని చెట్లచాటున దాచవచ్చునను తర్కము మాకు బోధపడదు. కూలి పనికి వెల. కనబడకుండుటకు వేఱొక వెల కలదా? కలదన్నచో దానినెవ్వరు వానికి చెల్లించుచున్నారు?

రెండవవాడు దేశాభిమాని. 2021, 2022, 2023 సంవత్సరములలో మాలదీవులకు పోయిన యాత్రికులలో భారతీయులే యగ్రస్థానమున నుండిరి. 2024 జనవరిలో రెండు దేశముల నడుమ మాటల కలహము పుట్టగా, మాలదీవులను మానుడు, లక్షద్వీపములకు పొండు అని మనవారిలో గొప్ప కోలాహలము లేచెను. దీవి పేరు మార్చినంత మాత్రమున మా ప్రశ్న మాఱదు. లక్షద్వీపములలో మినికాయి వాసుల భాషయు మాలదీవుల భాషయు నొక్కటియే. ఆ పగడము, ఆ మంచినీటి కొఱత, ఆ చిన్న నేల అచ్చటను కలవు. ఈ విహారమే యచ్చటికి మాఱిన, ఇసుక దువ్వువాని దేశము మాఱును గాని యతని యడుగుజాడలు మిగులునా?

మూడవవాడు పూర్వాచారపరుడు. “మన సంస్కృతిలో నీ భోగములు లేవు, ఇంటికడ నుండుటయే మేలు” అనును. ఈయనతోనే మాకు పెద్ద తగవు. ఇంటికడ నుండుట ఎవరికి మేలు? ఈ ప్రశ్నకు సమాధానము మాకు ఆ దీవిలోనే దొరకినది.

మూడవనాటి మధ్యాహ్నము భోజనమైన తరువాత పనివాడు వచ్చి మా గృహిణి ముందున్న పళ్లెమును తీసికొనిపోయెను. ఆమె కొంతసేపు ఆ బల్లవంకనే చూచి, “ఇరువదియేండ్లలో నేను తినిన పళ్లెము నేను తీయకుండుట ఇదే మొదటిసారి. దీనికి సముద్రము దాటి రావలసియుండెనాండీ?” అని యడిగెను. ఆమె స్వరములో నిష్ఠురము లేదు. నిజముగనే తెలిసికొనగోరి యడిగెను. ఆడుపిల్లలకు చదువు కావలెనని ఊరూర నుపన్యాసము లిచ్చితిమి. వరకట్నము కూడదని వ్యాసములు వ్రాసితిమి. ఆ ప్రశ్నకు మాత్రము మాకు బదులు తోచలేదు.

మా యింట వాకిలి యూడ్చి, కల్లాపి చల్లి, ముగ్గు పెట్టుట మేము లేవకముందే జరిగిపోవును. మేము లేచి వచ్చునప్పటికి చీపురును బిందెయు కనబడవు. ముగ్గు మాత్రముండును. కాఫీ యుండును. ఆ ముగ్గు తానుగ పుట్టినట్లే ఇరువదియేండ్లు దానిని దాటి బడికి పోయితిమి. ఇసుక దువ్వు బాలుని చూచి జాలిపడిన మేము, మా వాకిట నదే పనిని మా గృహిణి చేయుచుండగా దానిని గృహలక్ష్మి శోభయని పిలిచితిమి.

ఇది మా యింటి దోషము మాత్రమే యైనచో పత్రిక కెక్కించుట యనవసరము. 2019 లో భారత ప్రభుత్వపు గణాంకశాఖవారు దేశమంతట కాలవినియోగమును లెక్కించిరి. ఒక దినమున జీతములేని ఇంటిపని చేసినవారు స్త్రీలలో నూటికి 81 మంది, పురుషులలో నూటికి 26 మంది. ఆ చేసినవారిలోనైనను స్త్రీ దినమునకు 299 నిమిషములు, పురుషుడు 97 నిమిషములు చేసెను. స్త్రీకి దాదాపు అయిదు గంటలు! ఇందులో ఆదివారము లేదు, పండుగ లేదు. పండుగనాడు మఱింత యెక్కువ.

స్త్రీకి దిగువను మఱియొకతె కలదు. మన యిండ్లలో అంట్లు తోమి బట్టలుదుకు పనిమనిషికి వారమునకొక దినము సెలవిచ్చువా రెందఱు? 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము యంత్రశాలలోని కూలికి వారపు సెలవును హక్కుగ నిచ్చినది. మన యింటిలోని కూలికి ఆ చట్టము వర్తింపలేదు. అంతర్జాతీయ కార్మిక సంస్థవారు 2011 లో చేసిన 189 వ యొడంబడిక ఇంటిపనివారికి వారమునకు వరుసగ 24 గంటల విశ్రాంతి యుండవలెనని చెప్పుచున్నది. మన దేశము దానికింకను బద్ధము కాలేదు. ఆమె యొకపూట రాకున్న “చెప్పకుండ మానివేసినది” అని జీతము కోయు గృహస్థుడే, తాను అలసితినని దీవికి పోవుటకు నెలవాయిదాలమీద అప్పుచేయుచున్నాడు.

సంస్కృతమున ‘విశ్రాంతి’ యను పదమును విప్పి చూచిన లోపల ‘శ్రమ’ ధాతువు కలదు. శ్రమించినవానికే విశ్రాంతి. ‘ఆశ్రమము’ అను మాటయు నా ధాతువునుండియే పుట్టినది. మన కావ్యములలోని యాశ్రమము ఊరికి దూరమైనదే, నిశ్శబ్దమైనదే, రాజులు సైతము అచ్చట సేదదీరిరి. కాని యచ్చట చెట్లకు నీరుపోయు కన్య కనబడకుండ దాచబడలేదు. వచ్చిన రాజు ఆమెనే మొదట చూచెను. ఎవరు శ్రమించుచున్నారో కనబడు చోటే ఆశ్రమము. శ్రమించువాని యడుగుజాడలు చెఱిపివేసిన చోటును విశ్రాంతిస్థానమని పిలుచుట ఆ మాటకే విరుద్ధము.

ఎవరి శ్రమచే మనము విశ్రమించుచున్నామో వారిని చూడవలెను. చూచిన పిమ్మట వారికిని విశ్రాంతి యుండునట్లు చేయవలెను. మేము చెప్పవచ్చినది ఇంతియే. ఇంటను, దీవియందును న్యాయమొక్కటియే.

దీవులకు పోగోరువారు పోవచ్చును. పోయినచో ఊరున్న దీవిలో, ఊరివాడు నడుపు గెస్టుహౌసులో కొన్నిదినములైన బసచేయుడు. వారి మర్యాదలను మన్నింపుడు, వారి చేపల రేవును చూడుడు, వారి భాషలో పది మాటలు నేర్చికొనుడు. రిసార్టులోనే యుండవలసివచ్చిన, మీ గది తుడుచువాని పేరును, ఊరును అడిగి తెలిసికొనుడు. దీనికి వ్యయము లేదు. ఇక పోలేనివారు చిన్నబుచ్చుకొననక్కఱ లేదు. మాఘపూర్ణిమనాడు మన తీరమున వేలకొలది జనము స్నానమాడు సముద్రమును ఆ సముద్రమును ఒక్కటే. మీ యిండ్లలో వారమునకొక దినము వంటయిల్లు పురుషులు పట్టుడు. పనిమనిషికి జీతముతో కూడిన వారపు సెలవు నీయుడు. ఈ రెండును చేసిన యింటివారు నిక దీవికి పోయినను మేమేమియు ననము.

మేము తిరిగివచ్చిన తరువాతి యాదివారము నుండి మా యింట నిది మొదలైనది. మొదటిసారి మేము చేసిన ఉప్మా అడుగంటినది. పిల్లలు నవ్వుచునే తినిరి. అంట్లు మేమును మా కుమారుడును తోమితిమి. పనిమనిషి ఆదివారము సెలవను మాటను మొదట నమ్మక, జీతము తగ్గింతురని భయపడి వాకిటికి వచ్చి నిలుచుండెను. నచ్చజెప్పి పంపునప్పటికి కొంతసేపు పట్టినది. మా గృహిణి వసారాలో కుర్చీ వేసికొని పత్రిక చదువుకొనెను. నడుమ రెండుసార్లు లేచి వంటయింటి గుమ్మము వఱకు వచ్చి, మరల పోయి కూర్చుండెను. ఆ యలవాటు పోవుటకు కొన్ని నెలలు పట్టునని తోచుచున్నది. ఆ దినమున వాకిట ముగ్గు మేము పెట్టినదే, వంకరగ నున్నది. ఎవరు పెట్టిరని దారిన పోవువారెల్ల నడిగిరి.